ఎలుక కొరికిన ఇంగ్లీషు

17 జూన్ 1974, సోమవారం

మా నీళ్ళ ఆఫీసుకు కొత్త ఆఫీసరు వచ్చాడు. మద్రాసు మనిషి. తెలుగు రాదు, ఉర్దూ రాదు. మాకు అరవం రాదు. ఇక మిగిలింది ఇంగ్లీషు. అది మాలో ఎవరికి వచ్చో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తేలలేదు. సాబ్ గంట కొట్టినప్పుడల్లా సెక్షన్ మొత్తం నీళ్ళు తాగడానికి లేచిపోయింది. నీళ్ళ ఆఫీసులో నీళ్ళు తాగితే తప్పు పట్టేవాడెవడు?

ఇంటికి బయలుదేరే వేళకు గోడకు నోటీసు అంటించారు. జూలై పద్దెనిమిదిన ఫిర్యాదుల కిటికీ గుమాస్తాకు నోటి పరీక్ష. ఇంగ్లీషులో మాట్లాడగలిగితే కిటికీలో ఉంటాడు. లేకపోతే అరవై మైళ్ళ అవతల పంపుహౌసుకు బదిలీ.

ఫిర్యాదుల కిటికీ గుమాస్తా అంటే నేనే. మొగులయ్య, ఉర్దూ మీడియం, మిడిల్ పాస్. పదేళ్ళుగా అదే కిటికీ, అదే కుర్చీ. కుర్చీకి నా ఆకారం వచ్చేసింది.

కమలకు చెప్పాను. బియ్యంలో రాళ్ళు ఏరుతూ విన్నది.

"గా పంపుహౌస్ కాడ మన పోచమ్మ తల్లి గుడి ఉంటదా?"

"ఉండదు."

"కాశమ్మత్త ఉంటదా?"

"ఆమె ఎట్లుంటది?"

"మరి నేనెందుకు వస్త? నువ్వు పో. పంపుతోని కాపురం చెయ్."

కాశమ్మ మా పక్క గదిలో ఉంటుంది. మా అమ్మ పోయాక నన్ను సాదింది ఆమే. లాల్‌దర్వాజాలో మా గల్లీ మూల మక్కజొన్న కంకులు కాల్చి అమ్ముతుంది. మోకాళ్ళు పనిచెయ్యవు కాబట్టి పొద్దున్నే నల్లా దగ్గర ఆమె బిందెలు నింపి పెట్టేది నేనే. నేను పోతే ఎవరు నింపుతారు? ఆలోచిస్తే అన్నం సయించలేదు. రెండు ముద్దలు తక్కువ తిన్నాను.

అందుకని ప్రతిజ్ఞ. రేపటి నుంచి ఒక్క తప్పు లేకుండా ఇంగ్లీషు. ఆఫీసులోనే కాదు, ఇంట్లో కూడా. తప్పు మాట్లాడిన రోజు ఇరానీ చాయ్ బంద్.

నెల రోజులు ఉంది. చాలు. తెల్లవాళ్ళ పిల్లలు రెండేళ్ళకే గలగల మాట్లాడతారు. నాకు ముప్పై తొమ్మిది.


18 జూన్, మంగళవారం

పొద్దున అన్నం దగ్గర మొదలుపెట్టాను. "కమలా, గివ్ మీ సాల్ట్."

కమల లేచి వెళ్ళింది. కంచం తీసేసింది. డబల్ రొట్టె ముక్క ఒకటి పెట్టింది. కూర లేదు, చట్నీ లేదు.

"ఏంది ఇది?"

"ఇంగ్లీష్‌ల అడిగినోనికి ఇంగ్లీష్ తిండే. దొరలు గిదే తింటరంట."

ఆఫీసులో సాబ్ ఎదురుపడి ఏదో అడిగాడు. సెక్షన్‌లో అందరూ తలలు ఫైళ్ళలో పెట్టారు. నేను ధైర్యంగా నిలబడి జవాబు చెప్పాను. సాబ్ కనుబొమ్మలు పైకి లేచాయి. అంటే తప్పు మాట్లాడానన్నమాట. ఏ మాట తప్పో తెలియలేదు.

చాయ్ బంద్.


20 జూన్, గురువారం

నిన్న చాయ్ బంద్. ఇవాళ చాయ్ బంద్. తల పగిలిపోతోంది. దొంగకు కూడా ఏం దొంగిలించాడో చెప్పి శిక్ష వేస్తారు. నేను తప్పేదో తెలియకుండా అనుభవిస్తున్నాను.

మా కాంపౌండులో మూడో గది రాహేలుది. మిషన్ దవాఖానాలో నర్సు. దొరసాని డాక్టర్ల దగ్గర పనిచేసింది, ఇంగ్లీషు మంచినీళ్ళలా మాట్లాడుతుంది. అడుగుదామంటే అక్క కాన్పుకు మెదక్ వెళ్ళింది. అవసరానికి మనిషి దొరకదు కదా.

సాయంత్రం చార్మినార్ దగ్గర ఫుట్‌పాత్ మీద ఒక పాత పుస్తకం దొరికింది. ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు జనం సాధారణంగా చేసే తప్పులు, వాటి ఒప్పులు. నాకోసమే అచ్చు వేసినట్టుంది. ప్రతి పేజీలో రెండు వరుసలు. ఒక వరుస తప్పు, ఒక వరుస ఒప్పు.

ఇంటికొచ్చి చూస్తే పేజీల పైభాగమంతా ఎలుకలు కొరికాయి. ఏ వరుస మీద "తప్పు" అని రాసుందో, ఏ వరుస మీద "ఒప్పు" అని రాసుందో అదంతా ఎలుకల కడుపులో ఉంది.

ఎడమ వరుస: ఐ యామ్ హ్యావింగ్ టూ బఫెలోస్.

కుడి వరుస: ఐ హ్యావ్ టూ బఫెలోస్.

బర్రెలు రెండు చోట్లా రెండే. ఎవరు ఒప్పు? మళ్ళీ చార్మినార్ దాకా పోయి పుస్తకాలవాణ్ణి అడిగాను.

"దోనో పఢో భాయ్," అన్నాడు. "ఏదో ఒకటి కరెక్టే ఉంటది."


21 జూన్, శుక్రవారం

దేవుడున్నాడు. దేవుడితో పాటు అజ్మత్ అలీ మున్షీ కూడా ఉన్నాడు.

జహనుమాలో ఉంటాడు. నలభై ఏళ్ళు కచేరీలో ఉర్దూ కాగితాలు రాసిన చెయ్యి. నమాజు అయ్యాక ఇరానీ హోటల్లో కూర్చుంటే పుస్తకం ఆయన ముందు పెట్టాను. అద్దాలు తుడుచుకున్నాడు. గడ్డం దువ్వుకున్నాడు. పుస్తకం ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పాడు.

"మొగులయ్యా, ఫికర్ మత్ కరో. కాయదా, అంటే రూలు, ఒకటే. పహలే గలత్, ఫిర్ సహీ. ముందు తప్పు చెప్తరు, తర్వాత దాన్ని సుధారిస్తరు. నీకు గాయం కాకముందే ఎవడన్న పట్టీ కడ్తడా?"

"కట్టడు మున్షీ సాబ్."

"మరి మనం చదవడం ఎక్కడికెళ్ళి షురూ చేస్తం?"

"కుడి పక్కకెళ్ళి."

"బస్. కుడి పక్కన ఉన్నది గలత్. ఎడమ పక్కన ఉన్నది సహీ."

నేను చదివింది ఉర్దూ బడిలోనే. కుడి నుంచి ఎడమకు చదవడం నా రక్తంలో ఉంది. ఇంత చిన్న విషయం నాకెందుకు తట్టలేదు? చదువుకున్నవాడు చదువుకున్నవాడే.

ఎడమ వరుస ఒప్పు. ఇక చూసుకోండి.


24 జూన్, సోమవారం

ఒక అద్భుతం జరిగింది. శని, ఆది రెండు రోజులూ కూర్చుని ఎడమ వరుస మొత్తం చదివాను.

ఐ యామ్ నోయింగ్ హిమ్. వై యూ ఆర్ ఫియరింగ్? మై మదర్ ఈజ్ వెయిటింగ్ సిన్స్ మెనీ డేస్. యువర్ గుడ్ నేమ్ ఈజ్ వాట్?

ఇవన్నీ నాకు ముందే వచ్చు. మా సెక్షన్‌లో అందరూ మాట్లాడేది ఇదే. అంటే పదేళ్ళుగా మేం తప్పు లేకుండా మాట్లాడుతున్నాం, మాకే తెలియదు. అనవసరంగా గంట కొట్టినప్పుడల్లా నీళ్ళు తాగి కడుపులు ఉబ్బించుకున్నాం.

మరి సాబ్ కనుబొమ్మలు ఎందుకు లేచాయి? ఆలోచిస్తే అర్థమైంది. ఆయన ఎప్పుడూ "ఐ నో" అంటాడు, "ఐ హ్యావ్" అంటాడు. అంతా కుడి వరుసే. పాపం, పెద్ద చదువు చదివాడు కానీ మొదట్లో ఎవరో తప్పు నేర్పించారు. నా ఒప్పు వినేసరికి ఆయనకు ఆశ్చర్యమైంది.

చాయ్ షురూ. వరుసగా మూడు తాగాను. బాకీ ఉన్నవి.


27 జూన్, గురువారం

సాబ్ కణతలు నొక్కుకుంటూ కూర్చున్నాడు. "ఐ హ్యావ్ ఎ హెడేక్," అన్నాడు.

కుడి వరుస, పన్నెండో పేజీ. చూస్తూ ఊరుకోలేకపోయాను. మర్యాదగా, చిన్న గొంతుతో సరిదిద్దాను. "సార్, ఐ యామ్ హ్యావింగ్ హెడేక్."

సాబ్ నా వైపు జాలిగా చూశాడు. "యూ టూ?" అన్నాడు. సొరుగు తీసి నాకొక గోలీ ఇచ్చాడు, తనొకటి వేసుకున్నాడు. ఆఫీసరు ఇచ్చింది కాదనలేం కదా, మింగాను.

నేర్చుకునే బుద్ధి లేనివాడికి నేర్పడం కష్టం.


1 జూలై, సోమవారం

రోజూ దీపాలు పెట్టే వేళకు గంటసేపు గట్టిగా చదువుతున్నాను. మా గదికీ కాశమ్మ గదికీ మధ్య గోడ కప్పు దాకా పోదు, ఇటు దగ్గితే అటు వినిపిస్తుంది. ముసలామెకు నిద్ర పాడవుతుందేమోనని ఇవాళ గొంతు తగ్గించాను.

గోడ అవతల నుంచి, "మొగులూ, జర గట్టిగ చదువు బిడ్డా. నడుమ నడుమ మాట పోతున్నది."

"నీకేం అర్థమైతదే?"

"రామాయణం చెప్పెటాయన పద్యాలు గూడ నాకు అర్థం గావు. మంచిగ అనిపిస్తది, వింట."

గట్టిగా చదివాను. మనిషికి శ్రోత ఉంటే ఉత్సాహమే వేరు.


4 జూలై, గురువారం

ధూల్‌పేట్ నుంచి ఒకాయన సీసా పట్టుకుని వచ్చాడు. నల్లా తిప్పితే నీళ్ళు రాలేదట, కప్ప వచ్చిందట. సాక్ష్యం సీసాలో ఉంది. దాన్ని పట్టుకుని సాబ్ గదిలోకి వెళ్ళాను.

"సార్, ధూల్‌పేట్ వాటర్ ఈజ్ నాట్ కమింగ్. ఫ్రాగ్ ఓన్లీ కమింగ్."

సాబ్ సీసా చూశాడు, నన్ను చూశాడు. వెంటనే మనిషిని పంపించి పైపు బాగుచేయించాడు. పదేళ్ళలో ఒక ఫిర్యాదు అదే రోజు తీరడం ఇదే మొదటిసారి.

పరీక్ష ఒక లెక్క కాదు. సంతకం పెట్టి రావడమే.


8 జూలై, సోమవారం

ప్రతిజ్ఞలో చిన్న సవరణలు.

ఇంట్లో ఇంగ్లీషు రద్దు. కారణం డబల్ రొట్టె.

వాన పడితే చదువు ఉండదు. రేకుల మీద చప్పుడుకు నా ఉచ్చారణ నాకే వినిపించదు.

మున్షీ సాబ్ దగ్గరకు పోవడం కూడా తగ్గించాను. ఆయన చాయ్‌లో బిస్కెట్ ముంచి, అది విరిగి అడుగున పడితే స్పూనుతో వెతుకుతూ గంట గడిపేస్తాడు. అయినా ముందే వచ్చిన దాన్ని ఎవరైనా ఎందుకు నేర్చుకోవాలి? ఈతొచ్చిన చేపకు ఈత నేర్పినట్టు.


10 జూలై, బుధవారం

చదవలేదు. వాన పడేలా ఉంది.

పడలేదు.

కాశమ్మ గోడ అవతల నుంచి, "ఏమైంది బిడ్డా, ఇయ్యాల సదువు లేదా?" అని అడిగింది. గొంతు బాగాలేదని చెప్పాను. మిరియాల కషాయం కాచి ఇచ్చింది. గొంతు బాగానే ఉంది కాబట్టి అది తాగాక మండింది.


12 జూలై, శుక్రవారం

ఎల్లుండి ఆదివారం లాల్‌దర్వాజా బోనాలు. మా గల్లీ పోచమ్మకు కూడా ఆ రోజే. గురువారం నా పరీక్ష. కమల చెప్పింది, "గా సాబును బోనాలకు పిలువు. తిన్నోడు తిన్నింటికి అన్నాయం చెయ్యడు."

"ఆయన మాంసం ముట్టడు."

"బెల్లమన్నం ముట్టడా? గారెలు ముట్టడా? పిలువు ముందుగాల."

సాబ్ గదిలోకి వెళ్ళి పిలిచాను. "సార్, సండే అవర్ గాడెస్ ఈజ్ కమింగ్. యూ ఆల్సో కమింగ్."

సాబ్ కిటికీలోంచి బయటికి చూశాడు. లాడ్జిలో ఒక్కడే ఉంటాడు. వచ్చినప్పటి నుంచి ఎవరూ ఆయన్ను ఎక్కడికీ పిలిచినట్టు లేదు. "ఐ విల్," అన్నాడు.


14 జూలై, ఆదివారం

అర్ధరాత్రి దాటింది. అయినా రాస్తాను.

సాబ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో చెప్పులు పట్టుకుని గుడి ముందు నిలబడ్డాడు. డప్పులు మొదలయ్యాయి. అమ్మవారి ముందు ఆడే పోతరాజు కొరడా ఝళిపిస్తూ దగ్గరికొచ్చాడు. సాబ్ గొడుగు తెరిచి దాని వెనక దాక్కున్నాడు.

కమల బోనం దించింది. అంతలో కాశమ్మకు సిగం వచ్చింది, అమ్మవారు పూనింది. ఏటా వస్తుంది. వచ్చినప్పుడు ఆమెకు మోకాళ్ళ నొప్పి ఉండదు. జుట్టు విరబోసుకుని, వేపకొమ్మలు పట్టుకుని ఊగుతుంటే జనం నీళ్ళు పోసి అడగడం మొదలుపెట్టారు. తల్లీ, వానలు పడ్తయా? పడ్తయి బిడ్డా. తల్లీ, పిల్లలు సల్లగుంటరా? నేనున్న బిడ్డా, నేను కాపాడుకుంట. అంతా ఏటా ఉన్నట్టే.

అప్పుడు ఆమె కళ్ళు గొడుగు మీద పడ్డాయి.

నేరుగా నడిచి వెళ్ళింది. జనం పక్కకు తప్పుకున్నారు. గొడుగు లాగి పక్కన పడేసి సాబ్ చెయ్యి పట్టుకుంది. డప్పులు వాటంతటవే ఆగిపోయాయి. గల్లీ మొత్తం వినేట్టు అమ్మవారు పలికింది.

"వై యూ ఆర్ ఫియరింగ్?"

అది నా ఎడమ వరుస. ఏడో పేజీ.

"ఐ యామ్ నోయింగ్. ఐ యామ్ నోయింగ్. మదర్ ఈజ్ వెయిటింగ్ సిన్స్ మెనీ డేస్."

సాబ్ చెప్పులు కింద పడ్డాయి. ముఖం తెల్లబోయింది. వానకు తడిసిన నేల మీద, ఆ ఇస్త్రీ ప్యాంటుతోనే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అమ్మవారు ఆయన నుదుటికి పసుపు బండారి పెట్టి, కొమ్మతో తల నిమిరి, పడిపోయింది.

గల్లీలో ఒకటే మాట. "పోచమ్మకు ఇంగ్లీష్ గూడ వచ్చు." "ఎందుకు రాదు? గాయినకు తెలుగు రాదు గదా, అందుకని గాయిన బాసల చెప్పింది."

సాబ్ గారెలు తినలేదు. ఎవరితోనూ మాట్లాడలేదు. చెప్పులు మరిచిపోయి వెళ్ళిపోయాడు.

కాశమ్మ లేచి కూర్చున్నాక నెమ్మదిగా అడిగాను. "అవ్వా, ఏం మాట్లాడినవో యాదికున్నదా?"

"నాకేమెరుక బిడ్డా. పలికేది తల్లి. ఓ గారె ఇయ్యి, ఆకలైతున్నది."


15 జూలై, సోమవారం

పాలవాడు వచ్చి "పాలల్ల నీళ్ళు గలిపినవా?" అని కమల అడిగితే "ఐ యామ్ నోయింగ్," అన్నాడు. కూరగాయలామె కూడా అదే. ఒక్క రోజులో గల్లీ గల్లీకి ఇంగ్లీషు వచ్చేసింది.

సాబ్ ఆఫీసుకు రాలేదు.

సాయంత్రం రాహేలు మెదక్ నుంచి దిగింది. అక్కకు కొడుకు. మిగిలిన గారెలు తింటూ నా పుస్తకం తిరగేసింది. నేను గర్వంగా ఎడమ వరుస ఒక పేజీ అప్పజెప్పాను. ఆమె నమలడం ఆపేసింది.

"మొగులన్నా, గిది ఎవరు నేర్పించిన్రు?"

"ఎందుకు?"

"నువ్వు తప్పులన్నీ బట్టీ పట్టినవే. ఇంగ్లీష్ పుస్తకం ఎడమకెళ్ళి చదువుతరు గదనే. ఎడమ పక్క తప్పు, కుడి పక్క ఒప్పు."

నేను పుస్తకం లాక్కుని రెండు వరుసలూ చూశాను. కమలే అందుకుంది. "ఏంది రాహేలూ, పోచమ్మ తప్పు మాట్లాడిందంటవా?"

"అమ్మవారిని నేనేమంటలేనక్కా. పుస్తకాన్ని అంటున్న."

"గల్లీ అంత విన్నది. సాబంతటోడు మోకాళ్ళ మీద కూసున్నడు. ఎలుకలు గొరికిన పుస్తకం కరెక్టా, తల్లి నోటికెళ్ళి వచ్చింది కరెక్టా?"

రాహేలు ఇంకో గారె తీసుకుంది. పరీక్ష గురువారం.


16 జూలై, మంగళవారం

పరుగున జహనుమా వెళ్ళి మున్షీ సాబ్‌కు చెప్పాను. ఆయన చాలాసేపు పుస్తకం చూశాడు. "కితాబ్ హీ ఉల్టా ఛపా హై," అన్నాడు. పుస్తకమే తిరగేసి అచ్చు వేశారట. తన కాయదాలో పొరపాటు లేదట. తర్వాత మెల్లగా నా భుజం మీద చెయ్యి వేశాడు.

"మాఫ్ చెయ్ బేటా. ఇంగ్లీష్ నాకు గూడ రాదు. నువ్వు గంత నమ్మకంతోని అడిగితే రాదని చెప్పబుద్ధి గాలె."

కోపం రావాలి. రాలేదు. ఆయన చాయ్ చల్లారిపోతుంటే తాగమని చెప్పి వచ్చేశాను.

సాబ్ ఆఫీసుకు వచ్చాడు. కొత్త చెప్పులు. గంట కొట్టలేదు. నేను కిటికీ వదలలేదు. ఆయనకు హెడేక్ సరిదిద్దిన సంగతి గుర్తొచ్చినప్పుడల్లా చెవులు కాలుతున్నాయి.


17 జూలై, బుధవారం

కుడి వరుస చదువుతున్నాను. ఎక్కడం లేదు. నోరు తెరిస్తే మొదటి మాట కుడి నుంచి, రెండో మాట ఎడమ నుంచి వస్తోంది. ఐ హ్యావ్ నోయింగ్. ఐ యామ్ హ్యావ్. మధ్యాహ్నానికి తెలుగు కూడా తడబడింది. కిటికీ దగ్గర ఒకామె నల్లా రావడం లేదంటే, "నేను తెలుస్తున్నాను," అన్నాను.

ఎక్కడ తప్పు జరిగిందో రాసుకుంటే మనసు తేలికవుతుందని కూర్చున్నాను. ఎలుకల తప్పు. పుస్తకాలవాడి తప్పు. రాహేలు అక్క ఇప్పుడే కనాలా? సాబ్ మద్రాసులో ఎందుకు పుట్టాలి? ఇంతా రాశాక కూడా పరీక్ష రేపే.

ఇంటికొస్తే కమల ట్రంకుపెట్టె సర్దుతోంది. నా చొక్కాలు, నా చెంబు. సరే, ముందే సర్దుతోంది, ఆమెకు కూడా నమ్మకం లేదన్నమాట. కింద చూస్తే ఆమె చీరలు కూడా ఉన్నాయి.

"నువ్వు రానంటివి గద?"

"పంపుకు వంటొస్తదా?" అని అటు తిరిగి మడతలు పెట్టింది. "అత్తకు నీళ్ళు రాహేలు పడ్తనన్నది. డ్యూటీ లేనప్పుడు."

"డ్యూటీ ఉన్నప్పుడు?"

కమల ట్రంకు మూత వేసింది. గోడ అవతల చప్పుడు లేదు. కాశమ్మ వింటోందని ఇద్దరికీ తెలుసు.

నాకు ఏడుపొచ్చింది. వచ్చిందనే రాస్తున్నాను, ఇందులో దాచేదేముంది?


18 జూలై, గురువారం

పరీక్ష.

సాబ్ బల్ల అవతల, నేను ఇవతల. ఇక్కడ ఎన్నేళ్ళుగా పని చేస్తున్నావని అడిగాడు. ప్రశ్న అర్థమైంది. జవాబు కూడా తెలుసు. కానీ రెండు జవాబులు తెలుసు. ఒకటి కుడిది, ఒకటి ఎడమది. రెండూ ఒకేసారి గొంతు దగ్గరికొచ్చి, గడప దగ్గర ఇద్దరు లావు మనుషుల్లా ఇరుక్కున్నాయి.

గోడ గడియారం కొట్టుకుంటోంది. చెమట ముక్కు మీదుగా బల్ల మీద పడింది. సాబ్ ఇంకో ప్రశ్న వేశాడు. అదీ అంతే. కలం మూత తీశాడు. ఇక బదిలీ కాగితం రాస్తాడనుకున్నాను.

సాబ్ కలం పక్కన పెట్టి ముందుకు వంగాడు. చిన్నగా అన్నాడు.

"మొగులయ్యా, వై యూ ఆర్ ఫియరింగ్?"

తలెత్తి చూశాను. ఎగతాళి లేదు. ఆ రోజు కాశమ్మ ఎట్లా అడిగిందో అట్లాగే అడిగాడు.

ఇంకేముంది, కట్ట తెగింది.

"సార్, కాశమ్మ ఈజ్ హ్యావింగ్ నో నీస్. డైలీ ఐ యామ్ ఫిల్లింగ్ వాటర్. మై మదర్ ఈజ్ డెడ్, షీ ఓన్లీ మదర్. పంపుహౌస్ ఐ యామ్ గోయింగ్ మీన్స్, హూ ఈజ్ ఫిల్లింగ్? నైబర్ ఈజ్ హ్యావింగ్ డ్యూటీ. మై వైఫ్ ఈజ్ క్రయింగ్ బట్ నాట్ షోయింగ్. సార్, ఐ యామ్ నోయింగ్ మై ఇంగ్లీష్ ఈజ్ లెఫ్ట్ సైడ్. వన్ ర్యాట్ ఈజ్ ఈటింగ్."

ఎలుక సంగతి మొత్తం చెప్పాను. మున్షీ సాబ్ సంగతి, గోడ సంగతి, కాశమ్మకు ఆ ఇంగ్లీషు ఎట్లా అబ్బిందో అదీ చెప్పేశాను. చెప్పకూడదని తర్వాత అనిపించింది. అప్పటికి అయిపోయింది.

సాబ్ కుర్చీలో వెనక్కి వాలాడు. తర్వాత నెమ్మదిగా, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు. ప్రతి మాటా అర్థమైంది. ఆయన వాళ్ళమ్మతో గొడవపడి వచ్చాడట. ఉత్తరం కూడా రాయలేదట. బోనాల మర్నాడు పొద్దున తపాలా ఆఫీసులో కూర్చుని ట్రంకాల్ చేశాడట. మూడు గంటలు కాచుకున్నాక లైను కలిసిందట. అవతల అమ్మ ముందు ఏడ్చిందట, తర్వాత తిన్నావా అని అడిగిందట.

"ఆ ముసలమ్మ మూడు మాటలు చెప్పింది," అన్నాడు. "మూడూ తప్పులే. నాకు ఒక్కటి కూడా అర్థం కాకుండా పోలేదు. ఈ ఊరొచ్చాక ఎందుకు భయపడుతున్నావని నన్ను అడిగింది ఆమె ఒక్కతే."

కాగితం మీద ఏదో రాసి సంతకం పెట్టాడు. కిటికీలోనే ఉండాలట. వచ్చే ఆషాఢంలో మళ్ళీ పరీక్ష అట. ఈలోపు కుడి వైపు నేర్చుకోవాలట.

తలుపు దాకా వచ్చాక వెనక నుంచి పిలిచాడు. "మొగులయ్యా. యువర్ హెడేక్?"

"గాన్ సార్," అన్నాను. అది తప్పో ఒప్పో ఇప్పటికీ తెలియదు. ఆయన మాత్రం నవ్వాడు.

ఇంటికొచ్చి చెప్పగానే కమల ట్రంకుపెట్టె తెరిచి తన చీరలు ముందు తీసుకుంది. నావి అందులోనే ఉన్నాయి.


21 జూలై, ఆదివారం

పొద్దున కాశమ్మ బిందెలు నింపాను. అంచుల దాకా. రాహేలు వచ్చి ఎర్ర పెన్సిల్‌తో ప్రతి పేజీ మీదా రాసి వెళ్ళింది, ఇది తప్పు, ఇది ఒప్పు అని. ఇక ఎలుకలు ఏం చేసుకుంటాయో చేసుకోమను.

కొత్త ప్రతిజ్ఞ. రేపు సోమవారం, మంచి రోజు. రేపటి నుంచి ఒక్క తప్పు లేకుండా ఇంగ్లీషు. కుడి వరుస మాత్రమే. ఏడాది ఉంది. చాలు.

దీపాలు పెట్టే వేళకు, మంచి పని రేపటి దాకా ఎందుకని కూర్చుని మొదటి మాట గట్టిగా చదివాను. "ఐ నో."

గోడ అవతల మంచం కిర్రుమంది.

"తప్పు చదువుతున్నవ్ బిడ్డా. ఐ యామ్ నోయింగ్ అనాలె. నెల దినాలు చదివి గప్పుడే మరిచినవా?"

"అవ్వా, అది తప్పంట. రాహేలు చెప్పింది."

"రాహేలుకేమెరుక, మొన్న పుట్టిన పోరి. తల్లి నోటికెళ్ళి వచ్చిన మాట తప్పెట్లయితది? గట్టిగ చదువు, నేను వింట."

కమల వైపు చూశాను. ఆమె బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు. "పెద్దమనిషి చెప్తున్నది గద," అన్నది.

ఎర్ర పెన్సిల్ గీతల వైపు చూశాను. గోడ వైపు చూశాను. సాబ్ పరీక్ష ఏడాది తర్వాత. ఈమెది రోజూ.

"ఐ యామ్ నోయింగ్," అని గట్టిగా చదివాను.

"ఆఁ, గట్ల," అంది కాశమ్మ.

ఇవాళ ఎట్లాగూ ఆదివారం. కుడి వరుస రేపటి నుంచి, ఆఫీసులో.